పొద్దుటి పూటే జారే క్లచ్

కొండ మీదికి పోయే ఎర్ర ఎక్కుడు సగంలో బండి నిలబడిపోయింది. ఇంజిన్ ఆగలేదు. అది గొంతు చించుకుని అరుస్తూనే ఉంది, చక్రాలే కదలడం లేదు. తూదా పిన్ని హ్యాండిల్ మీదికి వంగి యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పింది. అరుపు పెరిగింది. బండి ముందుకు పోయే బదులు మెల్లగా వెనక్కి జారసాగింది. నేను సామాను తొట్టిలోంచి దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాను.

తొట్టి నిండా గులాబీ గోతాలు. మా వీధి ఆడవాళ్ళందరూ మంచు ఆరకముందే కోసిన పువ్వులవి. సూర్యుడు కొండ మీదికి వచ్చేలోగా అవి పైనున్న సహకార సంఘానికి చేరాలి. ఎండెక్కితే గోతంలో పువ్వు దానంతటదే ఉడుకుతుంది. ఉడికిన పువ్వుతో పన్నీరు కాచరు.

"దించవే ఇట్టో. సగం దించు," అంది పిన్ని నన్ను పేరు పెట్టి పిలిచి.

సగం గోతాలు దారి పక్కన పెట్టి మిగతావాటితో పైకి వెళ్ళాం. మళ్ళీ కిందికొచ్చి ఆ సగాన్నీ ఎక్కించుకుని పోయేసరికి ఎండ నడినెత్తికి రాకపోయినా మెడ మీద చురుక్కుమంటోంది. తూకం దగ్గర కుర్చీలో కూర్చున్న ఆవిడ రెండో విడత గోతాలను విప్పి చూసి, ఉడికిపోయాయని పక్కకు తోయించింది.

మా ఊరి పువ్వులు ఇదివరకు హమ్మూ లారీలో వెళ్ళేవి. హమ్మూ తీరిగ్గా లేచి, తీరిగ్గా టీ తాగి, పది ఊళ్ళు తిరిగి, లారీ నిండాకే కదిలేవాడు. ఈ వసంతంలో ఆడవాళ్ళంతా కూడబలుక్కుని మా పిన్నిని అడిగారు. తివాచీలు నేసి అమ్మి, మూడు చక్రాల మోటారు సైకిలు కొనుక్కున్న మనిషి ఆవిడ. మా లోయలో ఆడమనిషి బండి నడపడం అదే మొదలు. మొదటి రోజుల్లో అంతా బాగానే సాగింది. తర్వాత ఒక పొద్దున బండి ఎక్కుడులో కాస్త మూలిగింది. ఆ తర్వాత రోజూ ఇంకాస్త మూలిగింది. ఇవాళ నిలబడిపోయింది.

తిరిగి వచ్చేసరికి మా వాకిట్లో ఇజ్జా నిలబడి ఉంది. అందరికన్నా ఎక్కువ గులాబీ కంచె ఉన్నది ఆవిడకే. అందరి తరఫునా మాట్లాడేదీ ఆవిడే.

"తూదా, నీ మీద నాకేం కోపం లేదు," అంది. ఆవిడ అలా మొదలుపెడితే కోపం ఉన్నట్టే. "కానీ పువ్వుకి నువ్వు నా చెల్లెలివని తెలీదుగా. సాయంత్రం లోపు బండి బాగుపడిందంటే సరే. లేదంటే చీకటి పడకముందే హమ్మూకి కబురు పంపాలి. ఆలస్యమైతే వాడు కూడా రేపు రాడు."

"ఒకసారి హమ్మూ దగ్గరికి వెళ్తే మళ్ళీ నా దగ్గరికి వస్తారా ఇజ్జక్కా?"

ఇజ్జా తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది.

పిన్ని పట్నంలో మెకానిక్‌కి ఫోన్ చేసింది. "గులాబీ పండగయ్యాక తీసుకురా లల్లా. ఇప్పుడు నా కొట్టు నిండా ఊరేగింపు బళ్ళే. నాకు కాలు పెట్టే చోటు లేదు," అన్నాడతను, లల్లా అని మర్యాదగా పిలుస్తూనే. పండగయ్యేసరికి కంచెల మీద ముళ్ళు తప్ప పువ్వులుండవు.

"సరే, మనమే విప్పుదాం," అంది పిన్ని. అంటూనే స్పానర్ల సంచీ తెచ్చి వాకిట్లో కుమ్మరించింది.

ఆ చప్పుడుకి గోడ అవతల నుంచి జాయెద్ మామ తల కనబడింది. మామ గనుల్లో లారీ నడిపి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాడు. ఎక్కడ ఇనుము చప్పుడైనా ఆయన అక్కడుంటాడు.

"ఏమైంది లల్లా తూదా? గాడిద మొండికేసిందా?"

"గాడిదైతే రెండు తగిలించేదాన్ని అన్నా. దీన్ని కొడితే నా చెయ్యే నొస్తుంది."

మామ గోడ చుట్టూ తిరిగి వచ్చేవరకు ఆగలేక గోడెక్కి దిగాడు. బండి స్టార్ట్ చేసి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. అక్కడ పెద్ద బాదం చెట్టు దగ్గర చిన్న ఎత్తు ఉంది. దాన్ని కూడా ఎక్కించి చూశాడు. బండి చక్కగా నడిచింది.

"దీనికేం రోగం లేదు," అన్నాడు దిగుతూ. "రోగం నీ చేతిలో ఉంది. ఆడవాళ్ళు క్లచ్ పట్టుకుంటే వదలరమ్మా. సంతలో పిల్లాడి వేలు పట్టుకున్నట్టు పట్టుకునే ఉంటారు. లివర్ సగం నొక్కి ఉంచితే లోపల ప్లేట్లు రాసుకుని రాసుకుని అరిగిపోతాయి. అరిగాక బరువెత్తితే జారతాయి."

"ఫాద్మా వదిన నిన్ను ఇన్నేళ్ళుగా పట్టుకునే ఉందిగా, నువ్వేం అరిగావు?"

మామ టోపీ తీసి బట్టతల చూపించాడు. "ఇది చాలదా?"

గుమ్మంలో కూర్చున్న మా అవ్వ కూడా నవ్వింది. అవ్వ పేరు హద్దూమ్. పిన్నికీ మా అమ్మకీ తల్లి. మా అమ్మా నాన్నా గొర్రెలతో కొండ మీదికి వెళ్ళారు, చలికాలానికి గానీ దిగరు. నేను గులాబీల కోసం అవ్వ దగ్గర ఉండిపోయాను. అవ్వ ఒళ్ళో చేట పెట్టుకుని, ఎండబెట్టడానికి గులాబీ రేకలు విడదీస్తోంది.

పిన్ని నవ్వినా, ఆ మాట ఆవిడకి తగిలిందని నాకు తెలిసింది. ఆడమనిషి చెయ్యి అన్న మాట ఇప్పటికే ఊళ్ళో తిరుగుతోంది. హమ్మూ టీ కొట్టు దగ్గర అందరికీ అదే చెబుతున్నాడు.

"విప్పి చూద్దాం. ప్లేట్లు అరిగి ఉంటే నా చెయ్యేనని ఒప్పుకుంటా," అంది.

ముందు లివర్ దగ్గర ప్లే చూశారు. క్లచ్ లివర్‌ను వేలితో లాగితే మొదట కొంచెం వదులుగా రావాలి, ఆ తర్వాతే బిగువు తగలాలి. ఆ వదులు అసలు లేకపోతే క్లచ్ ఎప్పుడూ కాస్త నొక్కి ఉన్నట్టే. పిన్ని పొద్దున ఎక్కుడులోనే నట్టు తిప్పి వదులు పెట్టింది. అయినా లాభం లేకపోయింది.

ఇంజిన్ వేడిగా ఉండగానే కింద బోల్టు తీసి నూనె పళ్ళెంలోకి వదిలారు. కిక్ రాడ్డు తీశారు. కుడివైపు మూతకి చుట్టూ బోల్టులున్నాయి. అన్నీ ఒకే పొడుగు కావు. ఏది ఎక్కడిదో తప్పితే పొట్టిది పట్టదు, పొడుగుది లోపల పొడుస్తుంది. పిన్ని వంటింట్లోకి వెళ్ళి రొట్టెకి కలిపిన పిండిలోంచి ఒక ముద్ద తుంచి తెచ్చింది. దాన్ని పలక మీద మూత ఆకారంలో ఒత్తి, ఊడదీసిన బోల్టునల్లా దాని చోట్లో దాన్నే గుచ్చింది.

"ఒసేయ్, అది రాత్రికి రొట్టె!" అంది అవ్వ.

"రాత్రికి బోల్టులు తీసి కాలుద్దాం అమ్మా. ఇనుము ఒంటికి మంచిదట."

మూత ఊడి వస్తున్నప్పుడు చుట్టూ ఉన్న కాగితపు ప్యాకింగ్ చిరిగిపోయింది. మామ నాలుక చప్పరించాడు. లోపల గుండ్రటి గిన్నెలాంటి దానిలో క్లచ్ ప్లేట్లు రొట్టెల దొంతరలా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటిని స్ప్రింగులు పైనుంచి నొక్కి పట్టుకుంటాయి. లివర్ నొక్కితే ప్లేట్లు విడిపోతాయి, వదిలితే బిగుసుకుంటాయి. బిగుసుకుంటేనే ఇంజిన్ బలం చక్రానికి అందుతుంది. మామ స్ప్రింగులు విప్పి ప్లేట్లను ఒక్కొక్కటే బయటికి తీసి, చొక్కా అంచుతో తుడిచి, ఎండకి పట్టి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తిప్పి మళ్ళీ చూశాడు.

"ఏంటన్నా? పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తున్నావు."

"మాడలేదు," అన్నాడు మామ చివరికి. "గళ్ళు ఎంత లోతున్నాయో చూడు. కొత్తవాటిలా ఉన్నాయి. మాడు వాసన కూడా లేదు. ఉక్కు ప్లేట్లు వేడికి నీలం తిరగలేదు." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నీ చెయ్యి కాదు తూదా. ఈ చెయ్యి నాకుంటే గనివాళ్ళు నన్ను ఇంకో పదేళ్ళు ఉంచుకునేవాళ్ళు."

పిన్ని సంతోషించాలి. కానీ ఆవిడ ముఖం ఇంకా వాడిపోయింది. చెయ్యి తప్పయితే సరిదిద్దుకోవచ్చు, ప్లేట్లయితే మార్చుకోవచ్చు. ఏదీ కానప్పుడు ఏం చెయ్యాలి? ఇంజిన్ పొట్ట తెరుచుకుని ఉంది. ప్యాకింగ్ చిరిగింది. గోడ నీడ వాకిలి సగానికి వచ్చింది. ఆవిడ జిడ్డు వదలడానికి సబ్బులో చక్కెర కలుపుకుని చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టింది. చేతులు కడుక్కుంటోందంటే ఇజ్జా ఇంటికి వెళ్ళడానికే.

"హమ్మూని పిలవమని చెప్పేసి వస్తా. ఇప్పుడే చెప్తే నయం. వాళ్ళ పువ్వులతో నేను జూదమాడకూడదు," అంది.

నేను మాట్లాడటం తక్కువ. మాట్లాడే అవసరం ఎవరూ రానివ్వరు కూడా, మా ఇంట్లో అందరూ అంతంత మాటకారులు. కానీ ఆ వారమంతా తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చుని నేను చూసిందొకటుంది.

"పిన్నీ, ఒక్క మాట."

ముగ్గురూ నా వైపు చూశారు.

"బండి పొద్దున్నే జారుతుంది. ఎండెక్కాక జారదు. మొన్న సాయంత్రం మసీదు గోడకి తడి ఇసుక తీసుకెళ్ళాం కదా, అదే ఎక్కుడు. ఇసుక పువ్వుల కన్నా బరువు. ఒక్కసారి కూడా మూలగలేదు. ఇవాళ కూడా రెండోసారి పోయినప్పుడు సులువుగా ఎక్కింది. సగం బరువు కాబట్టి అనుకున్నాం."

"అయితే?" అన్నాడు మామ.

"పొద్దుటికీ సాయంత్రానికీ తేడా చలే కదా మామా."

"చలికి ఇనుము జారుతుందటే? గొంగడి కప్పమంటావా?"

అయినా ఆయన ప్లేట్లు చేతిలోంచి పక్కన పెట్టాడు. నేను హ్యాండిల్ దగ్గరికి వెళ్ళి క్లచ్ లివర్ నొక్కి వదిలాను. అది వెనక్కి వచ్చింది. కానీ టక్కున రాలేదు. నిద్రలేచిన పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు నిదానంగా వచ్చింది. చివర్లో గోరంత దూరంలో ఆగి, ఆలోచించి, అప్పుడు చేరింది. అటుపక్క ముందు బ్రేకు లివర్ నొక్కి వదిలితే టపుక్కుమంది.

పిన్ని తడి చేతులతోనే వచ్చింది. నన్ను తప్పించి తనూ నొక్కి చూసింది. వంగి ఇంజిన్ వైపు క్లచ్ వైరు కొస ఊడదీసింది. అక్కడి చిన్న చెయ్యిలాంటి కమ్మీని వేలితో లాగి వదిలింది. అది చటుక్కున వెనక్కి పోయింది.

"ఇక్కడ బాగుంది," అంది. "తేడా వైరులోనే ఉంది."

వైరు మొత్తం ఊడదీశారు. నల్లటి తొడుగులో సన్నటి ఉక్కు తీగ. మామ రెండు కొసలూ పట్టుకుని ఇటూ అటూ లాగాడు. "కదులుతోంది కదా. కాస్త బిగువుందంతే. దీనికే బండి నిలబడిపోతుందా?"

"ఇప్పుడు మధ్యాహ్నం మామా," అన్నాను.

వాకిటి పక్కనే పంటకాలువ పోతుంది. కొండ మీద మంచు కరిగి వచ్చే నీళ్ళు. మే నెలలో కూడా అందులో చెయ్యి పెడితే ఎముక జివ్వుమంటుంది. నేను బకెట్ నిండా ఆ నీళ్ళు తెచ్చి, వైరును చుట్ట చుట్టి, కొసలు పైకుంచి ముంచాను. అవ్వ లేచి అందరికీ టీ పోసింది. గ్లాసులు ఖాళీ అయ్యేవరకు వైరుని నీళ్ళలోనే ఉంచాం. తర్వాత మామ తీసి లాగాడు. తీగ కదల్లేదు. ఒక కొసని చెప్పు కింద తొక్కిపెట్టి రెండు చేతులతో లాగాడు. ఈసారి వచ్చింది, బావిలోంచి నిండు బొక్కెన పైకి లాగినట్టు. వదిలితే వదిలిన చోటే ఉండిపోయింది.

"ఓరి నీ!" అన్నాడు మామ.

నాకు పొద్దుటి బండి అర్థమైంది. పిన్ని లివర్ పూర్తిగా వదిలేస్తోంది. తీగ మాత్రం వదలడం లేదు. పిన్ని చెయ్యి కాదు పట్టుకుని ఉన్నది, తీగే.

పిన్ని తీగ కొసని వేళ్ళ మధ్య నలిపింది. వేళ్ళకి పసుపు, గోధుమ రంగు కలిసిన జిగురేదో అంటింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి గుమ్మం వైపు చూసింది. నేనూ వంగి వాసన చూశాను. ప్రతి పొద్దునా రొట్టె ముక్క ముంచుకు తినే వాసనది. మా జాడీలోని ఆలివ్ నూనె.

"ఏంటలా చూస్తారు? నా ముఖం మీద కోతి ఆడుతోందా?" అంది అవ్వ.

"అమ్మా, ఈ తీగలో నూనె పోశావా?"

"పొయ్యనా మరి? మీరెవరైనా పోశారా?" అవ్వ గొంతులో దాపరికం లేదు, కాస్త గర్వం కూడా ఉంది. "చలికాలంలో కొన్నప్పటి నుంచీ కిర్రుకిర్రుమని ఏడుస్తోంది పాపం. తలుపు బందులకి పోస్తాను, మగ్గానికి పోస్తాను, నువ్వు పుట్టినప్పుడు నీ నెత్తిన పోశాను. ఇంటికి తిండి పెట్టే జీవికి శుక్రవారం శుక్రవారం నూనె పెట్టాలి. మా అమ్మ కంచరగాడిద మెడకి పెట్టేది. నేను దీని చెవి దగ్గర ఆ చిన్న సందులో పోస్తున్నాను. నమాజు అయ్యాక, బిస్మిల్లా అనుకుని మరీ పోస్తున్నాను."

"మంచి నూనేనా అవ్వా?" మామ నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"మొదటి పిండుడు నూనె. నీ ఇంటికి పంపే రెండో రకం కాదు."

మామ గోడకి ఆనుకుని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పిన్ని నవ్వలేదు. నేను నెమ్మదిగా చెప్పాను, చలికాలంలో జాడీలో నూనె నెయ్యిలా పేరుకుంటుంది కదా అవ్వా, నువ్వే పొయ్యి పక్కన పెట్టి కరిగిస్తావు కదా అని. తీగలో కూడా అదే పేరుకుంటోంది. పైగా రోడ్డు దుమ్ము కలిసి బంక అయింది.

అవ్వ చేతులు చేటలో ఆగిపోయాయి.

"అయితే ఆ పువ్వులన్నీ నా నూనె వల్లే ఉడికాయా?"

"నూనె వల్ల కాదమ్మా, దుమ్ము వల్ల," అంది పిన్ని తొందరగా.

అవ్వ చేటలోని రేకల్ని రెండు కుప్పలు చేసింది. "రోడ్డు దుమ్ము పోసింది. నేను నూనె పోశాను. చెరి సగం," అంది. అని చేట పక్కన పెట్టి మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. "కడగడానికి ఏం కావాలో చెప్పండి, తెస్తాను."

మేడ నిచ్చెన పై మెట్టుకి వైరుని వేలాడదీశాం. ప్లాస్టిక్ సంచీ మూల కత్తిరించి, పై కొసకి గరాటులా తాడుతో కట్టి, అందులో కిరోసిన్ పోశాం. చాలాసేపు ఏమీ రాలేదు. నేను తీగని పైకీ కిందికీ ఆడిస్తూ ఉన్నాను. అవ్వ కింద గిన్నె పట్టుకుంది. మొదట ఖర్జూరం పాకం లాంటిది ఒక్కో బొట్టు దిగింది. తర్వాత కాచిన టీ రంగు వచ్చింది. ఆ తర్వాత లేత టీ. చివరికి పోసింది పోసినట్టే తేటగా కారింది. అప్పుడు పిన్ని ఇంజిన్ నూనె రెండు చుక్కలు వేసింది.

"ఇదీ నూనేగా?" అంది అవ్వ.

"ఇది పేరుకోదమ్మా."

"తినడానికి పనికి రాదు, పేరుకోవడం కూడా రాదు. ఇదేం నూనె?"

అటు మామ చక్కెర దిమ్మకి చుట్టి ఉండే మందపాటి నీలం కాగితం తెచ్చి ప్యాకింగ్ చేస్తున్నాడు. కాగితాన్ని మూత అంచు మీద పరిచి, సుత్తి గుండ్రటి తలతో చుట్టూ చిన్నగా కొట్టుకుంటూ పోతే అంచు దగ్గర తెగి అచ్చం మూత ఆకారమే వస్తుంది. ప్లేట్లు ఉన్న వరసలోనే పెట్టారు. స్ప్రింగులు ఒక మూల బిగించి, ఎదుటి మూల బిగించి, అలా అన్నీ సమంగా బిగించారు.

పిన్ని పిండిలోంచి బోల్టులు పీకి మూతకి పెడుతుండగా ఇజ్జా వచ్చింది. వెనక ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు.

"ఇంకా పొట్ట కోసే ఉందా?" అంది. "ఏం తేలింది తూదా? హమ్మూ టీ కొట్టు దగ్గరే ఉన్నాడట. పిలవమంటే ఇప్పుడే పిలవాలి. ఆడదాని చెయ్యి క్లచ్‌ని తినేసిందని అందరికీ చెబుతున్నాడు కూడా."

పిన్ని స్పానర్ ఆపింది. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. నిజం చెబితే హమ్మూ నోరు మూతపడుతుంది. కానీ రేపటికల్లా హద్దూమ్ అవ్వ గులాబీలని ఆలివ్ నూనెలో వేయించిందని ఊరంతా పాడుకుంటుంది. పిన్ని స్పానర్ కింద పెట్టింది.

"ఏం లేదక్కా, నేనే సరిగ్గా..."

"ఇజ్జా, ఇటు రా," అంది అవ్వ. కిరోసిన్ గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. "దాని చేతిలో ఏం లేదు. జాయెద్ ప్లేట్లు తీసి చూశాడు, కొత్తవాటిలా ఉన్నాయి, అడుగు. ఇది చేసింది నేను. శుక్రవారం శుక్రవారం వైరులో ఆలివ్ నూనె పోశాను. చలికి పేరుకుంది. ఇదిగో, చూసుకో."

గిన్నె ఇజ్జా ముక్కు కింద పెట్టింది. ఇజ్జా గిన్నెలోకి చూసింది. వాసన చూసింది. అందరూ ఆవిడ ఏమంటుందోనని చూస్తున్నారు. ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి.

"హద్దూమత్తా," అంది చిన్న గొంతుతో, "అయితే మా కుట్టు మిషన్ చలికాలం తిరక్కపోవడం కూడా ఇందుకేనా?"

"నువ్వూ పోశావా?"

"పొయ్యకుండా ఎలా ఉంటాం? మూడేళ్ళుగా మా ఆయన్ని తిడుతున్నాను, పాత మిషన్ తెచ్చి అంటగట్టావని!"

వెనక నుంచి ఎవరో తమ ఇంటి తాళం సంగతి చెప్పారు. ఇంకెవరో అబ్బాయి సైకిలు గొలుసు సంగతి. వాకిలంతా ఒక్కసారి గోలయిపోయింది. మామ సుత్తి పట్టుకుని నిలబడి, "ఈ లోయలో ఇనుమంతా సలాడ్ అయిపోయిందన్నమాట," అన్నాడు. అవ్వ మాత్రం చాలా తృప్తిగా మళ్ళీ గుమ్మంలో కూర్చుంది.

కానీ ఇజ్జా ఇజ్జాయే. నవ్వు తగ్గగానే, "సరే, ఇప్పుడు ఎండగా ఉంది. ఇప్పుడు ఎక్కుతుంది. తెల్లవారుజామున ఎక్కుతుందని ఏంటి నమ్మకం?" అంది.

అది సబబైన మాటే. వైరు బిగించి, లివర్ దగ్గర నాణెం దూరేంత వదులు పెట్టి, ఇంజిన్‌లో నూనె పోశాక, నేను పాత గుడ్డ పేలికల్ని కాలువ నీళ్ళలో ముంచి వైరు పొడవునా చుట్టాను. బకెట్ నిండా నీళ్ళు తొట్టిలో పెట్టుకున్నాను, దారిలో తడపడానికి.

"బరువు?" అన్నాడు మామ. "గులాబీలు లేవుగా."

"మేం లేమా?" అంది ఇజ్జా. "ఎక్కండే అందరూ. ఈ బండి సంగతి నేనే తేల్చుకుంటా."

ఆడవాళ్ళందరూ తొట్టిలోకి ఎక్కారు. అవ్వని ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. మామ ఎక్కబోతే చోటు లేదన్నారు. ఆయన కాలినడకన బయలుదేరాడు, నేను పైకెళ్ళేలోగా మీరు దొర్లుకుంటూ ఎదురొస్తారులే అంటూ.

ఎక్కుడు మొదట్లో పిన్ని బండి ఒక్క క్షణం ఆపింది. నేను పేలికల మీద చల్లటి నీళ్ళు పోశాను. నీళ్ళు చేతి మీద పడి వేళ్ళు మొద్దుబారాయి. పిన్ని గేరు వేసి లివర్ వదిలింది. టక్. ఆ చప్పుడు నాకు వెనక్కి వినిపించింది. బండి ముక్కు పైకి లేచినట్టయి, ఒక్క కుదుపుతో అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. ఇంజిన్ అరవలేదు. లావుగా, నిదానంగా, బరువు మోసేవాడు ఊపిరి తీసినట్టు ఊపిరి తీస్తూ ఎక్కింది. ఇజ్జా నా భుజం గట్టిగా పట్టుకుంది. సగం దాటాం. మలుపు దాటాం. ఎవరో యూ యూ అని నాలుక తిప్పుతూ పెళ్ళికూత పెట్టారు, అందరూ అందుకున్నారు. ఎదురొచ్చిన గొర్రెలు చెదిరి పక్కకు పోయాయి.

పైకి చేరగానే ఇజ్జా అందరికన్నా ముందు దిగింది. బాగుందని గానీ సరేనని గానీ అనలేదు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, అడుగు చెక్కని అరచేత్తో తట్టి చూసింది.

"రేపు నా గోతాలు పైవరసలో పెట్టాలి," అంది. "కింద పెడితే నలిగిపోతాయి."

"ఎందుకూ? నీ పువ్వులు పువ్వులూ మావి ముళ్ళూనా?" అంది ఇంకొకావిడ తొట్టిలోంచే.

"ముందు వచ్చినవాళ్ళవి కింద. ఆలస్యంగా లేచినవాళ్ళవి పైన," అంది పిన్ని.

"అలాగైతే నేను అందరికన్నా ఆలస్యంగా వస్తా!"

"వస్తే రా. బండి ఎవరి కోసమూ ఆగదు. నేను హమ్మూని కాను."

అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. మామ అప్పుడే రొప్పుతూ పైకి చేరి, ఎవరైనా తనకి జరిగింది చెబుతారేమోనని చూశాడు. ఎవరికీ తీరిక లేదు. హమ్మూ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పిన్ని బండిని కిందికి తిప్పి, తొట్టిలోనే కూర్చుని పోట్లాడుకుంటున్న ఆడవాళ్ళతో ఎక్కుడు దిగడం మొదలుపెట్టింది.